శనివారం సంతకాలు

బుధవారం ఉదయం చెప్పాల్సిన నాలుగు మాటలు డార్కస్ చెప్పలేదు. అంతకుముందు రోజూ చెప్పలేదు. ఆ నెలలో ఒక్క రోజు కూడా చెప్పలేదు.

చెత్త వేరుచేసే ఆ షెడ్డులో బెల్టు ఏడున్నరకల్లా తిరగాలి. ఏడుంపావుకి పదకొండు మంది ఆడవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుంటూ, ముక్కులకు గుడ్డలు కట్టుకుంటూ వచ్చేవారు. వాళ్ళను వరసగా నిలబెట్టి పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పడం, చెప్పినట్టు రిజిస్టరులో సంతకాలు తీసుకోవడం లైన్ ఇన్‌చార్జిగా డార్కస్ పని. ఆ పది నిమిషాలు ఆగితే గేటు బయట చెత్త బళ్ళు ఆగిపోతాయి. మేనేజరు గాజు తలుపు తీసుకుని బయటకు వస్తాడు. అందుకని డార్కస్ ఒక పద్ధతి పెట్టుకుంది. శనివారం సాయంత్రం అందరూ ఇళ్ళకు వెళ్ళేముందు, రాబోయే వారానికి ఆరు పేజీలకూ ఒకేసారి సంతకాలు పెట్టించేసేది. పేజీ పైన విషయం అన్నచోట తనే హిందీలో రాసుకునేది. ఒక రోజు తొడుగులు వేసుకోవడం గురించి, ఒక రోజు గాజు పెంకుల గురించి, ఎక్కువ రోజులు మెషీను ఆపి తాళం వేయడం గురించి.

సంతకాలకు అందరికన్నా ఎక్కువసేపు పట్టేది గౌరీదేవికే. ఆ పదకొండు మందిలో తెలుగులో సంతకం పెట్టేది ఆమె ఒక్కతే. బెంచీ మీద కూర్చుని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "గౌరీ దేవి" అని రెండు ముక్కలుగా రాసేది. "వి" మీది గుడిని చివర కొంచెం పైకి లాగి వదిలేది. ఆరు పేజీలూ అయ్యేసరికి పెన్ను పెట్టేసి వేళ్ళు విదిలించుకునేది.

"ఏటే డార్కసూ, రానున్న వారమంతా ఇయ్యాలే రాయించేసుకుంతన్నావు," అనేది నవ్వుతూ.

"పెట్టప్పా, ఆటో ఎల్లిపోద్ది," అనేది డార్కస్.

గౌరీదేవి ఆమెకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద; అక్కను వాళ్ళ వైపు అప్ప అంటారు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్‌లో స్థిరపడిన కుటుంబాలే. షెడ్డులో మిగతా వాళ్ళందరితోనూ హిందీ. వాళ్ళిద్దరి మధ్య మాత్రం తెలుగు.

ఆ బుధవారం వానకు తడిసిన చెత్త వచ్చింది. తడి చెత్త వేరుచేయడం కష్టం. పాల ప్యాకెట్లు అట్టలకు అతుక్కుని వస్తాయి. ఒక చేత్తో పట్టి రెండో చేత్తో లాగితేగానీ విడవవు. నీళ్ళ సీసాలు ఎడమవైపు గొట్టంలోకి, షాంపూ డబ్బాలు కుడివైపు గొట్టంలోకి, అట్టలు వెనక్కి. చేతులు వాటంతట అవే వెళ్తుంటాయి. ఎవరికీ పట్టని పీలికలు, సంచుల తాళ్ళు బెల్టు చివరి దాకా పోయి అక్కడ రోలరుకు చుట్టుకుంటాయి. చుట్టుకుంటే బెల్టు జారుతుంది. అప్పుడు బెల్టు ఆపి, ఆ చుట్టలను కొక్కెం కత్తితో కోసి లాగాలి.

రోలరు మీద ఇనప జాలీ ఉండాలి. నాలుగు బోల్టులు విప్పితేగానీ అది ఊడదు. విప్పి మళ్ళీ బిగించడానికి పావుగంట పడుతుంది. హోళీ ముందు నుంచీ అది గోడకు ఆనించే ఉంది. తాళాలు కూడా ఉన్నాయి. ఆఫీసు గదిలో బోర్డుకు పన్నెండు ఎర్ర తాళాలు, మీది ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా వేలాడుతున్నాయి. రోలరు దగ్గర చెయ్యి పెట్టే మనిషి ముందు స్విచ్చి ఆపి, దానికి తన తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవాలి. అప్పుడు ఎవరు ఏ బటన్ నొక్కినా బెల్టు కదలదు. పేజీల పైన డార్కస్ రాసుకునే మాట అదే.

పదకొండు గంటల లోపల మూడుసార్లు బెల్టు జారింది. మూడోసారి గౌరీదేవి కత్తి అందుకుని వెళ్ళింది. ఈసారి చుట్టుకున్నది పాత చీర అంచు, నూలుది, నానిపోయి తాడులా బిగుసుకుంది. తొడుగు ఉంటే పట్టు దొరకక కుడిచేతిది తీసేసింది. డార్కస్ ఇటు చివర స్విచ్చి పెట్టె దగ్గర నిలబడింది. మధ్యలో అట్టల గుట్ట. దాని వెనక గౌరీదేవి తల కూడా కనిపించడం లేదు. గేటు దగ్గర రెండు బళ్ళు ఆపకుండా హారన్లు కొడుతున్నాయి.

"అప్పా, అయిందేటి?" అని అరిచింది డార్కస్.

"హో గయా!" అని కేక వినిపించింది.

డార్కస్ పచ్చ బటన్ నొక్కింది.

ఆ కేక చెత్త దింపేసిన బండి డ్రైవరుది. పని అయిపోయిందని క్లీనరుతో అన్నాడు. అది ఆమెకు తరువాత తెలిసింది. గౌరీదేవి తనకు ఎన్నడూ హిందీలో జవాబు చెప్పలేదన్న సంగతి కూడా తరువాతే తోచింది. బెల్టు రెండు మూరలు కదిలిందో లేదో అటు చివర నుంచి వచ్చిన అరుపు హారన్లను మింగేసింది. డార్కస్ ఎర్ర బటన్‌ను అరచేత్తో కొట్టి పరుగెత్తింది. అట్టల మీద కాళ్ళు జారి మోకాళ్ళ మీద పడి, లేచి మళ్ళీ పరుగెత్తింది.

ఆసుపత్రిలో గౌరీదేవి కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

* * *

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు సుమన్ ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. తనే కుర్చీ జరిపి, "బైఠియే, డార్కస్‌జీ," అన్నాడు. ఆ తరువాత బల్ల మీది రిజిస్టరునే చూస్తూ కూర్చున్నాడు.

"సోమవారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ మేడమ్ వస్తున్నారు," అన్నాడు చివరికి. "ముందు ఇదే అడుగుతారు."

రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పాడు. గురువారం పేజీ. పదకొండు సంతకాలు. ఏడోది "గౌరీ దేవి". అతను పేజీ తిప్పాడు. శుక్రవారం. అక్కడా ఏడో వరసలో గౌరీదేవి. శనివారం ఇంకా రానే లేదు, ఆమె సంతకం మాత్రం ఉంది.

"చెయ్యి తెగి ఆసుపత్రిలో పడుకున్న మనిషి నిన్న పొద్దున్న వచ్చి సంతకం పెట్టి వెళ్ళిందా?"

ఆరు పేజీలూ డార్కస్ కళ్ళ ముందే పెట్టినవి.

"చింపుదామంటే పేజీలకు అచ్చు నంబర్లున్నాయి," అన్నాడు సుమన్. సొరుగులోంచి అలాంటిదే కొత్త రిజిస్టరు తీశాడు. "ఒకటో తారీఖు నుంచి మళ్ళీ రాయండి. సాయంత్రం లోపల అందరి చేతా పెట్టించండి. గౌరీదేవివి మొన్న బుధవారం దాకానే. తరువాతవి ఖాళీ."

"ఆమె చెయ్యి..."

"ఆమె చేతితో పని లేదు. తెలుగు రాయగలిగిన వాళ్ళు ఇక్కడ మీరొక్కరే."

డార్కస్ తల ఎత్తి చూసింది. సుమన్ ముఖంలో కోపం లేదు. చాలా అలసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"నేను మీకు చెడు చేయడం లేదు," అన్నాడు. "జాగ్రత్తలు చెప్పారా అని అడిగాక, బటన్ ఎవరు నొక్కారు అని అడుగుతారు. ఆ ఉదయం మీరు చెప్పారని రిజిస్టరులో ఉంటే, తాళం వేసుకోకపోవడం ఆమె పొరపాటు అవుతుంది. లేదంటే ఎవరి పొరపాటు అవుతుందో మీరే ఆలోచించండి. నాకూ ఇద్దరు పిల్లలు."

భోజనం గంట దాటాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పెట్టి వెళ్ళారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. కొందరు పెన్ను తీసుకుంటూ డార్కస్ ముఖం వైపు చూసి, వెంటనే పేజీ వైపు చూసుకున్నారు.

అందరూ వెళ్ళాక ఆమె పాత రిజిస్టరు పక్కన పెట్టుకుంది. ముందు ఒక చిత్తుకాగితం మీద రాసి చూసింది. తన రాత గుండ్రం. గౌరీదేవిది కోసుగా, కొంచెం ఎడమకు వాలుతుంది. "గౌ" రాసేటప్పుడు పెన్ను ఒకసారి ఎత్తి మళ్ళీ ఆనిస్తుంది కాబట్టి అక్కడ ఒక చుక్క పడుతుంది. ఆ చుక్క కూడా పెట్టింది. రెండు ముక్కల మధ్య చిటికెన వేలంత ఖాళీ. మొదటి నాలుగైదు పేజీలు ఒక్కో అక్షరానికీ పాతదాన్ని చూసుకుంది. ఏడో పేజీకి చెయ్యి నేర్చుకుంది. పన్నెండో పేజీకి పాతది చూడడం మానేసింది. పందొమ్మిదో పేజీ, బుధవారం, రాశాక వెనక్కి వాలి చూసుకుంది. గౌరీదేవిని తీసుకొచ్చి చూపించినా నాదే అంటుంది. అలా అనిపించగానే పెన్ను పెట్టేసింది. లేచి వెళ్ళి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది.

పాత రిజిస్టరును సుమన్ తాకలేదు. "అట్టల్లో వేసేయండి," అన్నాడు అటు తిరిగి.

అట్టలు నొక్కే ప్రెస్సు షెడ్డు వెనకాల ఉంటుంది. డార్కస్ రిజిస్టరును టీవీ డబ్బాల అట్టల మధ్య పెట్టింది. పై పలక నెమ్మదిగా దిగి, ఆగి, మూలిగి, మళ్ళీ లేచింది. ప్రెస్సు మీద పనిచేసే అతను తీగలు చుట్టి ముడి తిప్పాడు. నాలుగడుగుల కట్ట తయారైంది. దాన్ని యార్డులో మిగతా నలభై కట్టల పక్కకు నెట్టాడు.

ఆ సాయంత్రం పర్సుడీహ్‌లోని ఇంట్లో ఆమె అన్నం కలిపి అలాగే కూర్చుంది. భర్త జెరోమ్ రైలు పెట్టెలు బాగుచేసే యార్డులో ఫిట్టరు. కూతురు సింధు ఇంటరు చదువుతోంది.

"ఆంటీ కా హాథ్ కైసా హై, మమ్మీ?" అని గౌరీదేవి చెయ్యి ఎలా ఉందో అడిగింది సింధు.

"మూడు వేళ్ళు తీసేశారమ్మా."

జెరోమ్ చెంబు దింపి అన్నాడు. "మా కాడ బండి కింద దూరితే ముందల ఎర్రజెండా కట్టాల. కట్టినోడే దాన్ని ఇప్పాల. ఆడు టీకెల్లినా సరే, ఇంకోడు ముట్టుకోకూడదు. మీ కాడ అలాటిదేటీ లేదేటి?"

"తాళాలున్నాయి."

"ఉంటే ఎందుకెయ్యలేదు? నువ్వు సెప్పలేదేటి?"

"చెప్పేను," అంది డార్కస్. "ఆ పొద్దున్నే చెప్పేను."

జెరోమ్ తల ఊపాడు. "అయితే నువ్వేటి సేత్తావు?" అన్నాడు జాలిగా. పచ్చడి గిన్నె ఆమె వైపు జరిపాడు.

* * *

శనివారం గౌరీదేవిని ఇంటికి పంపించారు. ఆదివారం ప్రార్థన ముగిశాక డార్కస్ చర్చి నుంచి తిన్నగా సీతారాండేరాలోని గౌరీదేవి ఇంటికి వెళ్ళింది. దారిలో కొన్న అరటిపళ్ళ సంచీ చేతిలో ఉంది.

తలుపు తీసే ఉంది. గౌరీదేవి గోడకు చేరబడి నేల మీద కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళో దిండు మీద, మోచేతి దాకా కట్టు. వెనకాల స్టూలు మీద ఆమె భర్త పోలయ్య కూర్చుని ఆమెకు జడ వేస్తున్నాడు. రైలు పట్టాల మీద గ్యాంగులో పనిచేసే మనిషి, వేళ్ళు మొద్దులు. మూడు పాయలూ అతని చేతుల్లో నిలవడం లేదు. రెండో పాయ పట్టుకునేసరికి మొదటిది జారుతోంది.

"రామ్మా డార్కసూ," అన్నాడు పోలయ్య సిగ్గుగా. "ఇది నాలుగోపాలి. అద్దంలో సూసుకుని ఇప్పేయమంతాది."

"నేనెయ్యనా, అన్నా?" అంటూ ముందుకు వెళ్ళబోయింది డార్కస్.

"ఉండనీ, ఆడు నేర్చుకోనీ," అంది గౌరీదేవి. మొహం పాలిపోయింది, పెదవులు ఎండిపోయాయి. అయినా ఆమెను చూసి నవ్వింది. "కూకో. నువ్వు ఎప్పుడొత్తావా అని సూత్తన్నాను. నా వల్ల నీకేటైనా మాటొచ్చిందేటే?"

డార్కస్ కూర్చుంది. అరటిపళ్ళ సంచీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నాకేం మాటప్పా?"

"సుమన్ బాబు ఆసుపత్రికొచ్చినాడు. మంచోడే, పాపం. పోలయ్యతో సెప్పినాడు, ఆ పొద్దున్నే డార్కస్ తాళం గురించి ఇవరంగా సెప్పింది, గౌరీదేవి ఇని సంతకం కూడా ఎట్టింది అని." ఆమె గొంతు తగ్గించింది. "నాకు గేపకం రాట్లేదే."

డార్కస్ నేల వైపు చూసింది.

"మిగతాయన్నీ గేపకమే," అంది గౌరీదేవి. "ఆ పొద్దున్న కేరేజీలో వంకాయకూర. కాసిడీహ్ కాడ ఆటో ఆగిపోతే మరో ఆటో ఎక్కినాను. గేటు కాడ నీ గొడుగు ఇరిగిపోతే నవ్వుకున్నాం. తొడుగు తీసేసినాను, అదీ గేపకమే. నువ్వు మమ్మల్ని నిలబెట్టి సెప్పినావే, అది మటుకు ఎంత తలుసుకున్నా రాట్లేదు. మొన్నటికాణ్ణించీ అదే తలుసుకుంతన్నాను. మా అమ్మకీ ఇలాగే మొదలయినాది. ముందల మాటలు మర్సిపోయింది, తరవాత మనుసుల్ని మర్సిపోయింది. ఆకరికి నన్ను సూసి ఎవుల్దానివే అనేసింది. సెయ్యి పోతే పోనాది. బుర్ర కూడా పోతే ఈడు నాతో ఏటి సేత్తాడు?"

పోలయ్య చేతులు ఆగిపోయాయి. "అదే గోల," అన్నాడు మెల్లగా. "మందు మత్తే అదంతా అని నాను సెప్తన్నాను. ఇనదు."

"రేపు మేడమ్ వత్తాదంట కదా," అంది గౌరీదేవి. ఎడమచేత్తో డార్కస్ మోకాలు తట్టింది. "నువ్వు బెంగెట్టుకోకు. డార్కస్ సెప్పింది, నానే మర్సిపోనాను, తప్పు నాదే అని సెప్పేత్తాను. నీ మీద మాట రానివ్వను."

వీధిలో ఎవరో ప్రెషర్ కుక్కర్లకు గాస్కెట్లు అమ్ముకుంటూ వెళ్ళాడు. ఆ కేక దూరమయ్యేదాకా డార్కస్ కదలకుండా కూర్చుంది. బటన్ నొక్కినందుకు క్షమాపణ అడగాలని ఆమె దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఏమనాలో, ఎలా మొదలుపెట్టాలో కూడా చూసుకుంది. ఆ మాటలేవీ ఇప్పుడు ఇక్కడికి పనికిరావు.

"అప్పా, నేను చెప్పలేదు," అంది.

"ఏటి?"

"ఆ పొద్దున్న నేనేటీ చెప్పలేదు. ఏ పొద్దున్నా చెప్పలేదు. నీకు గేపకం లేకపోవడం కాదు, అక్కడ గేపకం ఉంచుకోడానికి ఏటీ జరగలేదు. శనివారం పెట్టించేదాన్ని కదా, ఆరు పేజీలకీ. అవే ఆ సంతకాలు."

ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు. గురువారం, శుక్రవారం పేజీల సంగతి చెప్పింది. కొత్త రిజిస్టరు సంగతి చెప్పింది. పందొమ్మిది పేజీల మీద తను గౌరీదేవి పేరు రాసిన సంగతి, పాతదాన్ని అట్టల్లో పెట్టి నొక్కించిన సంగతి చెప్పింది.

గౌరీదేవి చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటీ విడిపోయాయి. తల వెనక్కి తిప్పబోయి, జడ భర్త చేతిలో ఉండడంతో ఆగింది.

"ఇన్నావా?" అంది అతనితో. "నా బుర్రకేటీ అవలేదు. బాగానే ఉంది. నాను మర్సిపోలేదంట!"

గొంతులో దాదాపు సంతోషం ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమచేత్తో తుడుచుకుంది. డార్కస్ కూడా ఏడ్చేసింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకే మంచి వార్త విన్నవాళ్ళలా కూర్చున్నారు.

అప్పుడు గౌరీదేవి చూపు దిండు మీది కట్టు మీద పడింది. అక్కడే ఆగింది.

"బటను నువ్వే నొక్కినావని నాకు తెలుసు," అంది. "అరుపు ఎవలిదో సూసుకోకుండా నొక్కేసినావు. నీ తావులో నాను ఉన్నా నొక్కుదును. దానికి నిన్ను ఏటీ అనలేను." కట్టు మీది నుంచి చూపు ఎత్తింది. "సెయ్యి పోయి నాను ఆసుపత్రిలో ఉంటే, అక్కడ కూకుని నా పేరెలా రాసినావే? పందొమ్మిదిపాల్లు?"

డార్కస్ అరటిపళ్ళ సంచీని దగ్గరకు లాక్కుంది.

"నాకు మతి పోయిందనుకున్నాను," అంది గౌరీదేవి. "మూడు రోజులు."

"అప్పా..."

"ఇంటికెల్లు."

పోలయ్య ఎవరివైపూ చూడలేదు. సగం అల్లిన జడను పట్టుకునే ఉన్నాడు. డార్కస్ లేచి అరటిపళ్ళు గడప దగ్గర పెట్టింది. చెప్పులు వేసుకుంటూ ఉంటే వెనక నుంచి ఎవరూ వెళ్ళొస్తావా అనలేదు.

* * *

సోమవారం ఆమె ఆరున్నరకే ప్లాంటుకు వెళ్ళింది. గేటు దాటి నేరుగా వెనక యార్డుకు నడిచింది. వానకు తడిసిన సిమెంటు నేల మీద నలభై కట్టలు ఉండాల్సిన చోట బురద అంటని మచ్చలు, నలుచదరంగా, వరసగా కనిపించాయి. రెండు తెగిన తీగ ముక్కలు పడి ఉన్నాయి.

"పేపరు మిల్లు లారీ శనివారం రాత్రే వెళ్ళిపోయింది, దీదీ," అన్నాడు కాపలా మనిషి. "మీకేమైనా కావాలా అందులో?"

"లేదు," అంది ఆమె.

ఇన్‌స్పెక్టర్ అనిత మేడమ్ పదకొండుకు వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, కాళ్ళకు ఇనప ముక్కు బూట్లు. ఆఫీసులో కూర్చోకుండా ముందు బెల్టు చివరకు వెళ్ళింది. రోలరు మీద జాలీ ఇప్పుడు బిగించి ఉంది. ఆమె వంగి, కొత్త బోల్టుల మీద వేలు రాసి, వేలికి అంటిన గ్రీజు చూసుకుంది.

గౌరీదేవి, పోలయ్య ఆటోలో వచ్చారు. గౌరీదేవికి జడ లేదు, ముడి వేసుకుంది. డార్కస్ ఉన్నవైపు చూడకుండా ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చుంది. సుమన్ కొత్త రిజిస్టరు తెచ్చి మేడమ్ ముందు పెట్టాడు.

"బుధవారం ఉదయం తాళం గురించి చెప్పారా?" అని డార్కస్‌ను అడిగింది మేడమ్, పేజీ చూస్తూనే.

"లేదు, మేడమ్," అంది డార్కస్ హిందీలో. "ఎప్పుడూ చెప్పలేదు. ఈ రిజిస్టరు శుక్రవారం నేనే రాశాను. ఆమె సంతకాలు కూడా నేనే పెట్టాను. ఆ రోజు బటన్ నొక్కింది కూడా నేనే."

సుమన్ ముఖం పాలిపోయింది. తేరుకున్నాడు. "మేడమ్, ఈమె ఆ రోజు నుంచీ మనసు సరిగ్గా లేక ఇలా మాట్లాడుతోంది. దగ్గరి స్నేహితురాలు కదా. రిజిస్టరు మీ ముందే ఉంది."

"పాతది ఏది?" అని అడిగింది మేడమ్.

"అట్టల్లో పెట్టి నొక్కించేశాను. మిల్లుకు వెళ్ళిపోయింది."

ఆడవాళ్ళలో ఇద్దరిని పిలిపించారు. కల్పన అనే ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "సంతకం ఉందంటే చెప్పే ఉంటారు, మేడమ్," అంది. రెండో ఆమె కూడా అలాగే అంది. డార్కస్ వాళ్ళ వైపు చూడలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి తనకేం హక్కుంది?

మేడమ్ పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఏడో వరస దగ్గర ప్రతిసారీ ఆగింది. తరువాత ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద డార్కస్ వైపు తోసింది.

"మీరే పెట్టానంటున్నారు కదా. పెట్టండి."

డార్కస్ కూర్చుని పెన్ను తీసుకుంది. చెయ్యి వణికితే బాగుండుననిపించింది. వణకలేదు. కోసుగా, ఎడమకు వాలుతూ అక్షరాలు వచ్చాయి. "గౌ" దగ్గర చుక్క పడింది. మధ్యలో చిటికెన వేలంత ఖాళీ. ఒకటి రాసింది. మేడమ్ ఇంకొకటి అంది. రెండోది రాసింది. మూడోది కూడా రాసింది. బల్లకు అటువైపు నుంచి గౌరీదేవి ఆ పెన్ను ముల్లునే చూస్తోంది.

మేడమ్ కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టింది. తరువాత రెండూ గౌరీదేవి ముందుకు జరిపింది. "ఇవి మీవేనా?"

"నాదిలాగే ఉంది," అంది గౌరీదేవి తనకొచ్చిన హిందీలో. "నేను రాసింది కాదు." ఆ కాగితం మీది మూడు పేర్లనూ ఇంకొంచెంసేపు చూసింది. తన కుడిచెయ్యి ఇక ఎన్నడూ అలా రాయదని ఆమెకు ఆ క్షణమే తెలిసినట్టుంది. ముఖం పక్కకు తిప్పుకుంది.

సుమన్ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి, తడుముకుని కూర్చున్నాడు.

మేడమ్ తన కాగితాల మీద రాసుకుంటూ ఒక్కొక్కటే చెప్పింది. తాళాలు మనిషికొకటి ఇచ్చి, నేర్పించి, తను మళ్ళీ వచ్చి చూసేదాకా బెల్టు ఆగాలి. యాజమాన్యం మీద కేసు రాస్తోంది. దొంగ రిజిస్టరు సంగతి అందులో ఉంటుంది. "మీ పేరు కూడా ఉంటుంది," అంది డార్కస్‌తో. "నిజం చెప్పారని రాస్తాను. కానీ పేరు ఉంటుంది."

"ఉండాలి, మేడమ్," అంది డార్కస్.

గౌరీదేవి వాంగ్మూలం చిన్నది. మేడమ్ చదివి వినిపించింది. బెల్టు ఆపి ఉందని నమ్మి చెయ్యి పెట్టాను. తాళం గురించి నాకు ఎవరూ చెప్పలేదు. నాకు అన్నీ గుర్తున్నాయి. ఆ చివరి మాట రాయమని గౌరీదేవే అడిగింది.

సంతకం దగ్గరకు వచ్చేసరికి మేడమ్ సిరా డబ్బా తెరిచి ఆమె ముందు పెట్టింది. "ఎడమ బొటనవేలు చాలు."

గౌరీదేవి డబ్బా మూత వేసేసింది. "పెన్ను," అంది.

ఎడమచేత్తో పెన్నును పిడికిలితో పట్టుకుంది. పట్టు మార్చుకుని మళ్ళీ పట్టుకుంది. మొదటి గీత పెట్టగానే కాగితం బల్ల మీద జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. డార్కస్ ఏమీ అనుకోకుండానే ముందుకు వంగి కాగితం అంచు వేళ్ళతో నొక్కిపట్టింది.

గౌరీదేవి రాయడం ఆపింది. తల ఎత్తలేదు. పెన్ను కాగితం మీద అలాగే ఆనించి, ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. డార్కస్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు గౌరీదేవి ఒళ్ళోని కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తి, కట్టుతో సహా బల్ల మీద కాగితం అంచున పెట్టి బరువు ఆనించింది. నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. పోలయ్య లేవబోయి ఆగాడు. ఆమె రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందకు పోయాయి. ఒక్కొక్క గీతకూ ఆగి ఊపిరి తీసుకుంది. చాలాసేపు పట్టింది. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. డార్కస్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆమె ముగించేదాకా నిలబడింది.